గోడ కట్టింది ఒక్క నెహెమ్యానా?

ముత్తుకూరు ప్రాంతంలో మనం రోజూ చూసే బకింగ్‌హాం కాలువకూ, తెలుగు సంఘ చరిత్రకూ సంబంధం ఉందని చాలామందికి తెలియదు. 1876-78 నాటి కరువులో జనం ఆకలితో రాలిపోతున్నప్పుడు, ఒంగోలులోని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఈ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకాన్ని ప్రభుత్వం నుంచి కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆయన అమెరికాలో సర్వేయరుగా పనిచేసినవాడే. కానీ వేలాది కూలీలను ఒక్కడు ఎలా చూడగలడు? తన తెలుగు బోధకులనే ఆ ముఠాలపై మేస్త్రీలుగా నియమించారు. వారే పని చూసేవారు, విరామ వేళల్లో వారే దేవుని మాట చెప్పేవారు. నాయకత్వం అలా పదిమంది చేతుల్లోకి వెళ్లింది.

బాప్తిస్మం కావాలని వచ్చినవారిని మాత్రం ఆయన నెలల తరబడి ఆపారు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని! 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది ఆరుగురు అభిషిక్త బోధకులు, ఇద్దరిద్దరుగా నీటిలోకి దిగి. ఆ రోజును మనం క్లౌ గారి పేరుతోనే గుర్తుంచుకున్నాం. ఆ ఆరుగురి పేర్లు ఎంతమందిమి చెప్పగలం?

నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయాన్ని మనం ప్రసంగాల్లో దాటేస్తాం, పేర్ల పట్టికే కదా అని. యాజకులు, కంసాలులు, సుగంధ ద్రవ్యాలు చేసేవారు, షల్లూము కుమార్తెలు... ఒకరి పక్కన ఒకరు నిలబడి యెరూషలేము గోడ కట్టారు. తెకోవీయుల అధికారులు మాత్రం మెడ వంచలేదట. ఆ మాటనూ రాసి ఉంచారు!

ఆ మెడ నాకూ ఉంది. ఒక తుపాను తర్వాత మా సంఘాలన్నీ ఎవరి బ్యానరు వారే కట్టుకుని బియ్యం పంచాం. ఒకే ఇంటికి మూడు సంచులు చేరాయి. కాలువ గట్టున ఉన్న గుడిసెలకు ఒక్కటీ చేరలేదు. ఆ సంగతి నాతో చెప్పింది అంగన్‌వాడీలో పనిచేసే ఒక సోదరి, క్రైస్తవురాలు కాదు. ఆమె దగ్గర ఇంటింటి జాబితా ఉంది. మేమెవరమూ అడగలేదు.

మరుసటి ఏడు పాస్టర్లమంతా పంచాయతీ పెద్దలతో, ఆ సోదరితో కలిసి కూర్చున్నాం. జాబితా పావుగంటలో తేలింది. అధ్యక్షత ఎవరు వహించాలన్న దానికే అరగంట పట్టింది.