అరుపులో కాదు.. దానికి ముందు క్షణంలోనే ఉంది ఎస్వీఆర్ అసలు నటన

లడ్డూలు వాటంతట అవే ఎగిరొచ్చి ఘటోత్కచుడి నోట్లో పడే సీన్ ఫోన్‌లో చూడని తెలుగువాళ్లు తక్కువే. ‘డింభకా’ అంటూ సాగదీసే నేపాళ మాంత్రికుడి గొంతును మిమిక్రీ చేసేవాళ్లకు ఇప్పటికీ కొదవ లేదు. నిమిషం నిడివి క్లిప్పుల్లో ఎస్వీ రంగారావు అంటే పెద్ద గొంతు, పెద్ద నవ్వు, భారీ విగ్రహం. అంతే.

కానీ పూర్తి సినిమా చూస్తే వేరే మనిషి కనిపిస్తాడు. ఆయన అరిచింది తక్కువ, ఆపుకున్నది ఎక్కువ. ఆ ఆపుకోవడంలోనే తీవ్రత అంతా ఉంది.

ఆ ఠీవి ఎక్కడిది?

సామర్ల వెంకట రంగారావు 1918 జులై 3న కృష్ణా జిల్లా నూజివీడులో పుట్టారు. చదువుకునే రోజుల నుంచే నాటకాల పిచ్చి. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్‌లో వేషాలు కట్టారు. ఇంగ్లిష్‌లో షేక్స్‌పియర్ నాటకాలు కూడా ఆడారు. కొంతకాలం ఫైర్ ఆఫీసర్‌గా ఉద్యోగం చేశారు. తొలి సినిమా ‘వరూధిని’ ఆడకపోవడంతో జంషెడ్‌పూర్ వెళ్లి మళ్లీ ఉద్యోగంలో చేరిపోయారు. తిరిగొచ్చాక 1950లో ‘షావుకారు’లోని సున్నం రంగడు పాత్ర ఆయన్ను జనానికి పరిచయం చేసింది.

మైకుల్లేని స్టేజీ మీద చివరి వరుసదాకా మాట వినిపించాలంటే ఊపిరి మీద పట్టుండాలి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ వదలాలో తెలియాలి. సినిమాకు వచ్చాక ఎస్వీఆర్ ఆ పట్టును వదల్లేదు గానీ గొంతు తగ్గించారు. కెమెరా దగ్గరగా ఉన్నప్పుడు అరవాల్సిన పని లేదని ఆయనకు తెలుసు. అందుకే ఆయన డైలాగ్ మాట్లాడినట్టు ఉంటుంది, అప్పజెప్పినట్టు ఉండదు.

మాంత్రికుడు బెదిరించడు.. బుజ్జగిస్తాడు

1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’నే తీసుకోండి. మాంత్రికుడికి కావాల్సింది బలి ఇవ్వడానికి ఒక సాహసవంతుడు. తోటరాముడికి కావాల్సింది రాజకుమారి. అందుకే మాంత్రికుడు కుర్రాణ్ని భయపెట్టడు, ఆశ పెడతాడు. గొంతులో తేనె, కళ్లలో లెక్క. మాట ఒకటి చెబుతుంటే చూపు ఇంకోటి చెబుతుంది. చూసేవాళ్లకు వణుకు పుట్టేది ఆ తేడా వల్లే. అప్పటికి ఎస్వీఆర్ వయసు ముప్పై రెండేళ్లే. తెర మీద మాత్రం లోకమంతా చూసేసిన ముదురులా కనిపిస్తాడు.

ఒకే అభిమానం.. ఒక్కో పాత్రలో ఒక్కో రంగు

ఎస్వీఆర్ పాత్రల్లో చాలావాటికి ఒక ఉమ్మడి లక్షణం ఉంది. అభిమానం. తల దించని మనిషి ఆయన ముఖంలోనే ఉన్నాడు. గొప్పతనం ఏంటంటే, ఆ అభిమానాన్ని ప్రతి పాత్రలోనూ ఒకేలా వాడలేదు.

‘నర్తనశాల’ (1963) కీచకుడిలో అది కామంతో కలిసింది. విరాటుడి బావమరిదిగా రాజ్యం తన చేతిలో ఉందన్న ధీమా ఆ నడకలోనే తెలుస్తుంది. సైరంధ్రి కాదంటుందన్న ఊహే అతనికి రాదు. రాకపోవడమే అతని పతనం. ఈ పాత్రకు జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది.

‘భక్త ప్రహ్లాద’ (1967)లో అదే అభిమానం తండ్రి ప్రేమతో ఢీకొంది. శిక్షించమని ఆజ్ఞ ఇచ్చేది రాజు. ఆ మాట బయటికొచ్చేలోపు లోపల నలిగిపోయేది తండ్రి. ఈ రెండో మనిషి కనిపించకపోతే హిరణ్యకశిపుడు ఉత్త రాక్షసుడే. కనిపించాడు కాబట్టే జనం అతన్ని చూసి భయపడ్డారు, జాలి కూడా పడ్డారు.

సావిత్రిలో దూరిన ఎస్వీఆర్

నటుడి వ్యక్తిత్వం ఎంత బలమైందో చెప్పడానికి ‘మాయాబజార్’ (1957) కన్నా మంచి ఉదాహరణ దొరకదు. కథ ప్రకారం ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారతాడు. అంటే సావిత్రి శరీరంలో ఎస్వీఆర్ ఉండాలి. ఆమె చేయి తిప్పడం, మీసం మెలేసినట్టు చూడటం, పెళ్లి పీటల మీద లక్ష్మణ కుమారుడి కాలు తొక్కడం.. ఇవన్నీ చూడగానే లోపల ఎవరున్నారో చిన్నపిల్లలకూ అర్థమైపోతుంది. అది సావిత్రి ప్రతిభ. అంత స్పష్టంగా పట్టుకోవడానికి వీలైన ముద్ర వేసి పెట్టింది మాత్రం ఎస్వీఆర్.

ఐదేళ్లు చిన్నవాడికి తండ్రి

అదే మనిషి ‘మిస్సమ్మ’లో మెత్తని జమీందారు. ‘గుండమ్మ కథ’ (1962)లో ఎన్టీఆర్, ఏఎన్నార్‌లకు తండ్రి. నిజానికి ఎన్టీఆర్ ఆయనకంటే ఐదేళ్లే చిన్న. అయినా ఆ తండ్రీకొడుకుల్ని ఎవరూ శంకించలేదు. అదే ఏడాది వచ్చిన ‘ఆత్మబంధువు’లో కుటుంబ పెద్దగా కనిపించారు. ఇక్కడ గద లేదు, కిరీటం లేదు. భుజం మీద కండువా, ముఖంలో బరువు. పెద్దరికం నిలబెట్టుకోవాలన్న తాపత్రయం మాత్రం అదే.

తాను నిర్మించి దర్శకత్వం వహించే అవకాశం వచ్చినప్పుడు ఎస్వీఆర్ ఎంచుకున్నవేంటో తెలుసా? ‘చదరంగం’ (1967), ‘బాంధవ్యాలు’ (1968). రాక్షసులు, మాంత్రికులు కాదు.. రెండూ కుటుంబ కథలే. ఆయన మనసు ఎటువైపు ఉందో దీన్నిబట్టి ఊహించొచ్చు.

అంత పెద్ద విగ్రహంతో ఓ చిక్కు కూడా ఉంది. పాత్రలో సత్తువ లేకపోయినా ఆయన నిలబడితే చాలు ఫ్రేమ్ నిండిపోయేది. దాంతో కొన్ని సినిమాల్లో ఆయనకు నిలబడటం తప్ప పనే లేకుండా పోయింది.

1974 జులై 18న మద్రాసులో గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 56 ఏళ్లే. పద్మ పురస్కారం దక్కలేదు. జనం మాత్రం ‘విశ్వనట చక్రవర్తి’ అని పిలుచుకుంటూనే ఉన్నారు.

ఈసారి ఆయన క్లిప్ ఏదైనా కనిపిస్తే డైలాగ్ కోసం ముందుకు జరపకండి. మాట మొదలవడానికి ముందు రెండు క్షణాలు ఆ కళ్లను చూడండి. సీన్‌లో ఏం జరగబోతోందో ఎస్వీఆర్ అక్కడే చెప్పేసి ఉంటారు.