కాలువ గట్టు మీది లస్కరు

కృష్ణా డెల్టాలో పామర్రు చుట్టుపక్కల రైతులకు లస్కరు అంటే ఎవరో చెప్పనక్కర్లేదు. తూము తలుపులు ఎత్తి దించేది ఆయనే, గట్టుకు గండి పడకుండా కాపలా తిరిగేది ఆయనే, వంతు నీళ్ల దగ్గర తగాదా వస్తే రెండు పక్షాల చేతా మాటలు పడేదీ ఆయనే. నీటిపారుదల శాఖలో అట్టడుగు కొలువు. అదే మాటను ఇంగ్లీషు నిఘంటువులో వెతికితే ఓడ కళాసీ కనిపిస్తాడు, యూరపు వాళ్ల ఓడల్లో పనిచేసిన భారతీయ నావికుడు. ఫ్రెంచి వాళ్ల వాడుకలోనైతే 'లాస్కార్' అంటే ఘటికుడు, గడుగ్గాయి. సముద్రం మీద యూరపు భాషలన్నీ చుట్టిన ఈ మాట డెల్టా కాలువ గట్టు మీదికి ఎలా ఎక్కింది? దాన్ని దేశం నుంచి దేశానికి మోసింది జీతాల పట్టీ అని నా వాదన.

దీని మూలం పారశీక 'లష్కర్'. అర్థం సైన్యం. సైనికుడు 'లష్కరీ'. 16వ శతాబ్దంలో పోర్చుగీసులు మన పడమటి తీరంలో పాగా వేసినప్పుడు కూలికి కుదుర్చుకున్న స్థానిక సిపాయిలనూ ఓడ పనివాళ్లనూ ఈ మాటతోనే పిలిచారు. సింహళంలో వాళ్ల కొలువు చేసిన స్థానిక సిపాయిలు 'లస్కరిన్' లయ్యారు. డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి వాళ్లు పోర్చుగీసుల నోటి నుంచి అందుకున్నారు. అందుకోవలసిన అవసరం వాళ్లకు గట్టిగానే ఉంది. యూరపు నుంచి ఓడ ఇక్కడికి చేరేసరికి నావికుల్లో కొందరు రోగాలతో పోయేవారు, కొందరు పారిపోయేవారు. తిరుగు ప్రయాణానికి మనుషులు ఇక్కడే దొరకాలి. దొరికినవాళ్లలో సిల్హెట్ మనిషి, చిట్టగాంగు మనిషి, కొంకణీ, గుజరాతీ అందరూ ఉన్నారు. పట్టీ రాసే గుమాస్తాకు ఆ తేడాలతో పని లేదు, అందరికీ కలిపి ఒకే మాట చాలు. తర్వాత చట్టం కూడా ఆ మాటనే పట్టుకుంది. లస్కర్లు బ్రిటిషు రాజ్యంలో పుట్టినా వాళ్లను బ్రిటిషు నావికులుగా లెక్కించకూడదని 1823 నాటి చట్టం చెప్పింది. అంటే ఒకే ఓడలో రెండు రకాల జీతాలకు ఈ పేరే హద్దు. 1914 నాటికి బ్రిటిషు వాణిజ్య ఓడల్లో సుమారు 50 వేల మంది లస్కర్లున్నారు.  

ఇక నేల మీదికి వద్దాం. ఫిరంగులు లాగేవాళ్లనూ గుడారాలు వేసేవాళ్లనూ కూడా ఈస్టిండియా కంపెనీ సైన్యం లస్కర్లనే అంది. కృష్ణా డెల్టా కాలువలు ఆ సైన్యపు ఇంజనీర్ల పనే. ఆర్థర్ కాటన్ మద్రాసు ఇంజనీర్ల దళం వాడు. 1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్టను దగ్గరుండి కట్టించిన కెప్టెన్ ఛార్లెస్ ఆర్ కూడా ఆ దళం వాడే. ఆ కాలువలు నీళ్లు పారించడంతో పాటు పడవలూ నడిపాయి, అందుకే ఇప్పటికీ అక్కడక్కడా లాకులున్నాయి. సైనికులు నడిపిన శాఖలోకి సైన్యపు కొలువుల పేర్లు రావడంలో వింతేముంది? తండేలు మాట చూడండి. సముద్రంలో పడవ పెద్ద తండేలు. సైన్యపు గిడ్డంగుల్లో లస్కర్ల మీది మేస్త్రీ, ప్రభుత్వ పనుల్లో కూలీల ముఠా పెద్ద కూడా కంపెనీ కాలంలో తండేళ్లే. రెండు మాటలూ ఒకే దారిన నడిచాయి. కాకపోతే తండేలు తిరిగి సముద్రానికే పోయాడు, లస్కరు కాలువ దగ్గర ఉండిపోయాడు.

ఇంత తిప్పడం దేనికి, ఈ డెల్టాలోని బందరు 1687 దాకా గోల్కొండ సుల్తానుల కింద ఉంది గదా, పారశీక మాట నేరుగానే వచ్చి ఉండవచ్చు గదా అని అడగవచ్చు. నిజమే, నేరుగా వచ్చిన మాట మనకు వేరే ఉంది. సికింద్రాబాదును లష్కర్ అంటారు, ఉజ్జయిని మహంకాళి జాతర లష్కర్ బోనాలు. అక్కడ పారశీక 'ష' చెదరలేదు, దండు అనే అర్థమూ చెదరలేదు. డెల్టా మాటలో 'స' ఉంది, అర్థం ఒక్క మనిషి, అదీ చిన్న జీతగాడు. పత్రికలు కాలువ సిబ్బందిని 'లష్కర్లు' అని రాయడమూ కద్దు, కాబట్టి అక్షరం ఒక్కటే సాక్ష్యం కాదని ఒప్పుకుంటాను. అర్థం మాత్రం తిరుగులేని సాక్ష్యం. సైన్యం అనే మాట తనంతట తాను తూము కాపలాదారుగా మారదు. మధ్యలో ఇంగ్లీషు వాళ్ల కొలువు పట్టీ ఉండి తీరాలి. కాలువ లస్కరుకు పూర్వీకుడు ఫిరంగి లస్కరే గాని ఓడ లస్కరు కాదని మరొకరు అనవచ్చు. కావచ్చు. ఇద్దరికీ పేరు పెట్టింది మాత్రం పోర్చుగీసుల నుంచి మాట నేర్చిన ఆ ఇంగ్లీషు దొరతనమే.

మిగిలిన సాక్ష్యం ఇళ్లలోని ట్రంకు పెట్టెల్లో ఉండవచ్చు. మీ తాతముత్తాతల్లో ఎవరైనా లాకుల దగ్గర పనిచేసి ఉంటే, వారి పాత సర్వీసు కాగితాల్లో కొలువు పేరు స-తో ఉందో, ష-తో ఉందో చూడండి. ఏ సంవత్సరం కాగితమో కూడా పక్కన రాసిపెట్టండి.