బకింగుహాము కాలువను చూచివచ్చిన దినము

తిరుపతి, చిత్తూరు ప్రాంతములవారమగు మనకు నీటిపై ప్రయాణమన్న నంతగా పరిచయము లేదు. మన మెఱిగిన నీరు చెఱువునీరు, బావినీరు, వానలు కురిసిన నాలుగు దినములు పాఱెడు స్వర్ణముఖి నీరు. పడవను పటములలో చూచినవారమే గాని, యెక్కినవారము మనలో కొలదిమందిమి. అట్టి మనకు రెండు మూడు గంటల ప్రయాణపు దూరమున, ఒకప్పుడు బారులు తీర్చి పడవలు నడచిన గొప్ప జలమార్గ మొకటి కలదు. అదియే బకింగుహాము కాలువ. 2022 సంవత్సరము ఏప్రిలు నెలలో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట ప్రాంతము దానిలో చేరినది. కావున పులికాటు సరస్సును, దాని గుండ పోవు నీ కాలువయు నేడు మన జిల్లా సొత్తులే.

2025 జనవరి 18 మొదలు 20 వఱకు సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పక్షుల పండుగ జరిగినది. ఆ దినములలో భీములవారిపాళెము రేవునందు పడవవిహారము కలదని విని, మా అత్తగారును, తోడికోడలును, పిల్లలిద్దరును, నేనును చీకటితోనే బయలుదేరితిమి. పులిహోరయు, పెరుగన్నమును, చక్కిలాలును మూటగట్టుకొంటిమి. సూళ్లూరుపేటలో కాళంగి యొడ్డున వెలసిన చెంగాళమ్మను దర్శించి, తడ మీదుగా రేవు చేరునప్పటికి ప్రొద్దెక్కినది.

రేవున పడవలు వరుసగా నిలిచియుండెను. ఎక్కువారందఱికిని నీట తేల్చెడు చొక్కాలు తొడిగించిరి. మా అత్తగారు మొదట భయపడి, "నేను గట్టుమీదే కూర్చుంటానమ్మాయీ, మీరు పోయి రండి" అనిరి. పడవవాడు నవ్వి, "ఏం భయం లేదమ్మా, ఇక్కడ చాలా చోట్ల నడుములోతు నీళ్లే" అని చేయి యందిచ్చెను. అతడు చెప్పినది నిజమే. పులికాటు విశాలమే గాని లోతైనది కాదు. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలుక తరువాత నిదియే పెద్దది. దీనికిని బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట దీవి గోడవలె నడ్డముగా నున్నది. దూరమున గులాబివన్నె ఱెక్కల ఫ్లెమింగోలు ఒంటికాలిపై నిలిచియుండగా చూచి పిల్లలు కేరింతలు కొట్టిరి.

కొంతదూరము పోయిన పిమ్మట మా పెద్దవాడు, "ఇది సరస్సు గదా అమ్మా! కాలువ ఏదీ?" అని యడిగెను. దానికి పడవవాడే బదులు చెప్పెను: "ఈ నీళ్లలోనే బాబూ దారి. అటు నెల్లూరునుంచి, ఇటు మద్రాసునుంచి కాలవ వచ్చి దీంట్లో కలుస్తుంది. మా పెద్దోళ్ల కాలంలో శ్రీహరికోట కట్టెలు పడవలకెత్తి మద్రాసుకు తోలేవాళ్లంట." మద్రాసు గృహములలో పొయ్యిమీది కుండను కాచిన కట్టెలలో నెన్నో యీ నీటిమీదుగా పోయినవే. ఉప్పు, ధాన్యము, కట్టెలు, ప్రయాణికులు అన్నిటికి నిదియే దారి. గాలి యున్నప్పుడు తెరచాపయు, లేనప్పుడు గడయు, గట్టు నానుకొనిన చోట్ల మనుష్యులు భుజమున త్రాడు వైచుకొని లాగుటయు నాటి ప్రయాణసాధనములు.

ఈ కాలువ చరిత్ర తెలిసికొనదగినది. 1806లో బేసిల్ కాక్రేన్ అను బ్రిటిషు వర్తకుడు మద్రాసునుండి ఎన్నూరు వఱకు దీనిని త్రవ్వించెను. అందుచే మొదట దీనికి కాక్రేన్ కాలువయని పేరు. పిమ్మట నది పులికాటు వఱకు సాగినది. 1837లో ప్రభుత్వము వారు దీనిని స్వాధీనపఱచుకొని, యుత్తరమునకు పొడిగించుచు వచ్చిరి. తుదకు పెదగంజాము మొదలు దక్షిణమున మరక్కాణము ప్రాంతము వఱకు సుమారు 420 కిలోమీటరుల మార్గమైనది. అందు 257 కిలోమీటరులు ఆంధ్రదేశమందే యున్నవి. ఉత్తరపు కొనయందు కృష్ణ కాలువలతో కలియుటచే, కోస్తా ధాన్యము పడవ దిగకయే మద్రాసు చేరుటకు వీలయ్యెను.

సముద్రపు టాటుపోటులచే నీటిమట్టము మాఱుచుండు చోట్ల లాకులు కట్టిరి. లాకనగా రెండుప్రక్కల తలుపులుగల గది వంటిది. పడవ లోనికి రాగానే వెనుక తలుపు మూయుదురు. ముందువైపు నీటిమట్టమునకు సరిపడ లోపలి నీటిని నింపుటయో తీయుటయో చేసి, పిమ్మట ముందు తలుపు తెఱతురు. పడవ మెట్టెక్కినట్లో దిగినట్లో మెల్లగా ముందునకు సాగును.

ఇక నా మనస్సును కదలించిన విషయము చెప్పెదను. మద్రాసు నగరములో అడయారును కూవమును కలుపు సుమారు 8 కిలోమీటరుల భాగము 1877–78లో త్రవ్వబడినది. అది ధాత కరవు కాలము. గవర్నరగు బకింగుహాము ప్రభువు ఆకలిగొన్న జనులకు పని కల్పించుటకై దీనిని త్రవ్వించెను. 1878లో నాతని పేరే కాలువ కంతటికి పెట్టిరి. చిత్తూరు ముఖ్యపట్టణముగా నుండిన నాటి ఉత్తర ఆర్కాటు జిల్లాయు నా కరవువాత పడినదే. 1877 ఆరంభమున సర్కారు పనులలో దినమెల్ల మట్టి మోసిన పురుషునకు నిర్ణయించిన కూలి ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, ఒక అణాయును. స్త్రీలకు, పిల్లలకు నంతకంటె తక్కువ. ఆ తిండితో మనిషి బ్రదుకజాలడని వైద్యాధికారి కార్నిష్ వాదింపగా, కొన్ని మాసములకు కూలి కొంత పెంచిరి. ప్రతిదినము చేట ముందు పెట్టుకొని యింటిల్లిపాదికి బియ్యము కొలుచు మనకు ఆ కూలి యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

పడవలో నీ సంగతి చెప్పుచుండగా, అంతవఱకు పిల్లల చేతులు పట్టుకొని కూర్చుండిన మా అత్తగారు మెల్లగా నిట్లనిరి: "మా నాయనమ్మ చెప్పేది. వాళ్లమ్మ ధాత కరువులో చంటిబిడ్డను నడుముకు కట్టుకొని మద్రాసు దారి పట్టిందట. ఎక్కడో మట్టిగంపలు మోసి బతికి వచ్చిందట. ఎక్కడ మోసిందో ఆమెకే తెలియదు." ఆమె మోసిన మట్టి యీ కాలువదే యని నేను చెప్పజాలను. కాని అత్తగారు వంగి యా నీటిని చేత ముంచి కన్నుల కద్దుకొనిరి. మేమెవ్వరము మఱి మాటాడలేదు. కాలువకు ప్రభువు పేరు నిలిచినది. గంపలెత్తిన తల్లులలో నొక్కతె పేరైన నే ఫలకముమీదను లేదు.

అంత కష్టముతో నైన కాలువ నేడెట్లున్నది? 1899లో మద్రాసు బెజవాడల నడుమ రైలు నడచినది మొదలు పడవల ప్రాధాన్యము తగ్గజొచ్చెను. 1965, 1966 సంవత్సరముల తుపానులు గట్లను ధ్వంసము చేసినవి. పిమ్మట పలుతావుల మేట వేసి పూడినది. చెన్నపట్టణములో మురుగుకాలువయైనది, దానిలోనే స్తంభములు నాటి పైన రైలుమార్గము కట్టిరి. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు ఆ యుప్పెననీటిని కొంత తనలో నింపుకొని తీరగ్రామములను కాచినది. 2008లో దీనిని జాతీయ జలమార్గములో చేర్చిరి. కాని పేరు పెట్టినంత మాత్రమున పడవ నడువదు గదా!

ఇంగ్లండులోను పాతకాలువలు రైళ్లరాకచే నిట్లే పాడుపడినవి. రెండవ ప్రపంచయుద్ధమునాడు పడుచులు కొందఱు అక్కడి కాలువలపై సరకుపడవలను తామే నడిపిరి. వారిలో నొకతెయగు ఎమ్మా స్మిత్ ఆ యనుభవముతో 1948లో 'మెయిడెన్స్ ట్రిప్' అను గ్రంథము వ్రాసినది. 1946లో కాలువల రక్షణకై యొక సంఘము పుట్టినది. 1950 ఆగస్టులో ఆ సంఘమువారు మార్కెట్ హార్బరో అను నూరిలో పడవల తిరునాళ్ల జరిపిరి. నూఱుకు పైగా పడవలు చేరినవి. వానిని చూడ వేలకొలది కుటుంబములు వచ్చినవి. జనులు వచ్చి చూచిన గాని కాలువలు తమవని వారికి తోచలేదు. అట్టి కూటములు పెక్కు జరిగిన పిమ్మట, మూయదలచిన కాలువలలో ననేకములు మరల తెఱువబడినవి.

మనకును అట్టి పడవల తిరునాళ్ల యేల కూడదు? పక్షుల పండుగకు వేలమంది వచ్చుచున్నారు. ఆ దినములలోనే యొకనాడు తెరచాప పడవలను బారుతీర్చి, పడవపని యెఱిగిన వృద్ధులను రప్పించి, గడ వేయుటయు, త్రాడు లాగుటయు పిల్లలకు చూపింపవచ్చును. గంప మోసిన తల్లుల జ్ఞాపకమునకై రేవున నొక రాయైన నిలుపవచ్చును. ఇది పెద్దల పనియని మనము తప్పుకొనరాదు. చూచువారు లేని కాలువ పూడక మానదు.

ప్రొద్దు గ్రుంకువేళ తిరుగుముఖము పట్టితిమి. శ్రీకాళహస్తి దాటినపిమ్మట చిన్నది నిద్రమత్తులో, "మళ్లీ ఎప్పుడు పోతాం జేజీ?" అని యడిగెను. పడవ యెక్కుటకు వెఱచిన మా అత్తగారే, "వచ్చే ఏడు కూడా పోదాం తల్లీ" అనిరి. మీరును ఒక దినము మీ పిల్లలతోడ, మీ పెద్దలతోడ పోయి చూచి రండు. మీ యింటి పెద్దలను కరవు కథ లడిగి తెలిసికొనుడు.