మంచిమాటలకు డాక్టరేటా?

“మనసు బాగాలేనివాళ్ళకు నాలుగు మంచిమాటలు చెప్పడానికి డాక్టరేటు దేనికే?” అని మా పెద్దమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే! అమెరికాలో నేను చేస్తున్న కౌన్సెలింగ్ సైకాలజీ పిహెచ్.డి.లో మొదట మాన్పించేది ఆ మంచిమాటల అలవాటునే. కార్ల్ రోజర్స్ ఒక మనిషితో జరిపిన ఎనిమిది సంభాషణలనూ రికార్డుల కెక్కించి, 1942లో పొల్లుపోకుండా పుస్తకంలో అచ్చువేయించాడు. నేటికీ మా గురువులు విద్యార్థుల రికార్డులు విని, తొందరపాటు ఓదార్పు దొర్లినచోట ఆపేస్తారు. ఎదుటివారి దుఃఖం ముందు నోరు మూసుకు కూర్చోవడం స్టాటిస్టిక్స్ పరీక్షకన్నా కష్టమండీ!

థీసిస్ సరే. అసలు గండం ఏడాది ఇంటర్న్‌షిప్పు. మన జాబితా, వారి జాబితా చూసి కంప్యూటరు జత కూరుస్తుంది; 1999 నుంచీ ఇదే పద్ధతి. వచ్చింది కాదనడానికి వీల్లేదు. మావారి ఉద్యోగం ఒహాయోలో. నా జాబితాలో ఒహాయోది ఒక్కటే వుంది, తక్కినవన్నీ దూరాలే. ఫిబ్రవరిలో తెలుస్తుంది.