కెమేరా చూసిన ఇల్లు, కొనేవారు చూసే ఇల్లు

ఒకప్పుడు ఇల్లు కొనదలచినవారు ముందుగా గడప దాటి లోపలికి వెళ్లి చూసేవారు. గోడకు అరచేయి ఆనించి చెమ్మ ఉన్నదేమో పరీక్షించేవారు. కిటికీ తెరిచి గాలి ఎటు నుంచి వస్తున్నదో గమనించేవారు. పెరటి నూతిలో నీరు తోడి రుచి చూసేవారు. ఈనాడు ఆ మొదటి చూపు చాలామందికి అరచేతిలోని ఫోనులోనే జరిగిపోతున్నది.

భిలాయి నగరంలోని పవర్ హౌస్ ప్రాంతాన్నే తీసుకోండి. రైల్వేస్టేషను, జాతీయ రహదారి, బజారు దగ్గరదగ్గరగా ఉన్న చోటు అది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయిలో ఉక్కు కర్మాగారం వెలిసింది. 1959 ఫిబ్రవరి 4న దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కొలిమిని నమ్ముకొని ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఇక్కడ స్థిరపడ్డాయి. ఉద్యోగ విరమణ తరువాత క్వార్టరు విడిచి సొంత గూడు వెతుక్కునే తండ్రి ఇక్కడ ఉంటే, అందుకు డబ్బు సర్దవలసిన కొడుకో కూతురో హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రాల ఆవలనో ఉంటారు. ఇల్లు చూపే మూడు నిమిషాల వీడియో ఒకటి వారి మధ్య తిరుగుతుంది. ఒక జీవితకాలపు పొదుపు ఎటు పోవాలో నిర్ణయించడంలో ఆ మూడు నిమిషాలకు పెద్ద భాగమే ఉన్నది.

ఆ వీడియోలో గోడలు పాలవలె తెల్లగా మెరుస్తుంటాయి, కిటికీలో నీలాకాశం కనిపిస్తుంటుంది. కాని నేటి మంచి కెమేరాలతో తీసినప్పుడు అదే దృశ్యం తరచుగా బూడిద పూసినట్టు వెలవెలబోతూ వస్తుంది. దానిని ‘లాగ్’ చిత్రణ అంటారు. ఆ వెలవెలబోయిన బొమ్మకు రంగూ వెలుగూ సరిదిద్దే పనికి ‘కలర్ కరెక్షన్’ అని పేరు. ఆ పని చేసే మనిషి పేరు వీడియోలో ఎక్కడా కనిపించదు. అయినా కొనేవారు ఏమి చూస్తారు, ఏమి చూడరు అన్నది చాలావరకు అతని వేలికొనలపై ఆధారపడి ఉంటుంది.

వెలుగుకు రెండు కొలతలు

మధ్యాహ్నం వేళ ఒక గదిలో నిలబడి కిటికీ వైపు చూడండి. గది మూలనున్న బీరువా, కిటికీ అవతలి వేపచెట్టు రెండూ మీకు కనిపిస్తాయి. నిజానికి బయటి వెలుగు గదిలోని వెలుగుకు వందల రెట్లు ఉండవచ్చు. ఆ అంతరాన్ని కన్ను సునాయాసంగా సర్దుకొంటుంది. కెమేరాకు అది సులభం కాదు. గదికి తగినట్టు తీస్తే కిటికీ తెల్లని కాగితమైపోతుంది. కిటికీకి తగినట్టు తీస్తే గది చీకటి గుహ అవుతుంది.

వెలుగు రెట్టింపైన ప్రతిసారీ దానిని ఒక ‘స్టాపు’ అని లెక్కిస్తారు. ఎనిమిది స్టాపులంటే 256 రెట్లు. కెమేరా లోపలి సెన్సరు రెట్టింపు వెలుగుకు రెట్టింపు అంకె వేస్తుంది. 1024 మెట్లున్న ఒక నిచ్చెనను ఊహించుకోండి. ఈ లెక్క ప్రకారం అన్నిటికంటె ప్రకాశవంతమైన ఒక్క స్టాపుకే 512 మెట్లు ఖర్చవుతాయి. దాని కింది స్టాపుకు 256, ఆ కిందిదానికి 128. అలా దిగుతూ పోతే పదవ స్టాపుకు మిగిలేది ఒకే ఒక్క మెట్టు. ఆకాశానికి అవసరానికి మించిన వివరం, గది మూలనున్న నీడకు దాదాపు శూన్యం!

మనిషి ఇంద్రియాల తీరు ఇది కాదు. చీకటి గదిలో ఒక దీపం పక్కన మరొక దీపం వెలిగిస్తే తేడా కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. వంద దీపాల నడుమ ఇంకొకటి వెలిగిస్తే ఎవరూ గమనించరు. ఈ అనుభవాన్ని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ వేబర్ పరిశీలనల ఆధారంగా గుస్తాఫ్ ఫెక్నర్ 1860లో గణిత సూత్రంగా మలిచాడు. పాఠశాలలో చదువుకొన్న లాగరిథమే ఆ సూత్రానికి పునాది. ‘లాగ్’ అనే పేరు అక్కడిదే.

లాగ్ పద్ధతిలో కెమేరా ప్రతి స్టాపుకూ ఇంచుమించు సమానంగా మెట్లు పంచుతుంది. 14 స్టాపులకు 1024 మెట్లు పంచితే ఒక్కొక్కదానికి 70 పైచిలుకు వస్తాయి. అప్పుడు వేపచెట్టు ఆకులూ నిలుస్తాయి, బీరువా తలుపు మీది గీతలూ నిలుస్తాయి. ఫిల్మును కంప్యూటరులోకి ఎక్కించడానికి 1990ల మొదట్లో కొడాక్ సంస్థ రూపొందించిన సినియాన్ విధానం ఈ మార్గంలో తొలి అడుగులలో ఒకటి. 2010లో వచ్చిన ఆరి సంస్థ అలెక్సా కెమేరా తన లాగ్ విధానంతో సినిమారంగంలో స్థిరపడింది. ఆ తరువాత సోనీ, కానన్, పానసోనిక్ కెమేరాలకు, చివరకు ఇంటి కప్పు మీదుగా ఎగిరే డ్రోన్లకు కూడా ఈ సదుపాయం దిగివచ్చింది.

అయితే మన టీవీలు, ఫోన్లు ఈ పంపకాన్ని ఎరుగవు. 1990లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం నిర్ణయించిన ‘రెక్. 709’ వంటి ప్రమాణాల ప్రకారమే అవి బొమ్మను చూపుతాయి. లాగ్ చిత్రాన్ని ఉన్నదున్నట్టు చూపితే అది పేలవంగా కనిపించడానికి కారణం ఇదే. పెట్టెలో మడిచి పెట్టిన పట్టుచీర వంటిది లాగ్ చిత్రం. జరీ అంతా అందులోనే ఉన్నది, మడత విప్పాలి.

కొలిమి రంగు, గది రంగు

వెలుగు ఎంత అన్నది ఒక సమస్య అయితే, ఏ రంగుది అన్నది మరొకటి. దీనిని భిలాయి వాసులకు విడమరిచి చెప్పనక్కరలేదు. ఇనుమును వేడి చేసేకొద్దీ మొదట ముదురు ఎరుపు, ఆపైన నారింజ, పసుపు, చివరకు తెలుపు రంగులకు మారుతుంది. రంగును చూసి వేడిని అంచనా కట్టడం కొలిమి పనివారి పాత విద్య. ఛాయాగ్రాహకులు చేసేది దీనికి తలకిందులైన పని. వారు వెలుగు రంగును వేడి అంకెతో చెబుతారు. దానికి వాడే కొలమానం కెల్విన్.

ఉక్కు కరిగి ఉండే వేడి సుమారు 1600 డిగ్రీల సెంటిగ్రేడు, అంటే దాదాపు 1870 కెల్విన్. కొవ్వొత్తి వెలుగు రంగు కూడా ఇంచుమించు 1900 కెల్వినే. పాతకాలపు తీగ బల్బు 2700 ప్రాంతంలో ఉంటుంది. పగటి వెలుగును 5600గా లెక్కిస్తారు. మన బజార్లలో విరివిగా అమ్మే తెల్లని ఎల్.ఇ.డి. దీపాలు 6500 దాకా ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలివైపు మొగ్గుతుంది.

ఒకే గదిలో కిటికీ నుంచి పగటి వెలుగు, కప్పు నుంచి పసుపు బల్బు, వంటింటి నుంచి ట్యూబులైటు కలిసి పడితే కెమేరా తికమకపడుతుంది. ఒకే సున్నం వేసిన గోడ ఒకవైపు నీలంగా, మరొకవైపు పసుపుగా, ట్యూబులైటు దగ్గర కొద్దిపాటి ఆకుపచ్చగా వస్తుంది. అందుకే అనుభవజ్ఞులు చిత్రణకు ముందే అనవసరమైన దీపాలు ఆర్పివేస్తారు, లేదా అన్నిటినీ ఒకే రంగు దీపాలుగా మారుస్తారు. ఒక్క బల్బు ఆర్పడంతో తీరే చిక్కును తరువాత కంప్యూటరు ముందు విప్పడానికి గంటలు పడుతుంది.

సరిదిద్దే క్రమం

మంచి దిద్దుబాటు కెమేరా దగ్గరే మొదలవుతుంది. తన మీద పడిన వెలుగులో 18 శాతాన్ని తిప్పి పంపే బూడిదరంగు అట్టను గదిలో పట్టుకొని కొన్ని క్షణాలు తీస్తారు. అది తరువాత త్రాసులో రాయిలా పనికివస్తుంది. లాగ్‌లో నీడలు మరీ చీకటిగా పడితే, వాటిని పైకి లేపినప్పుడు ఇసుక చల్లినట్టు రేణువులు కనిపిస్తాయి. కనుక వెలుగు కాస్త ధారాళంగానే ఇవ్వాలి. 256 మెట్లు మాత్రమే నమోదు చేసే కెమేరాలో లాగ్ వాడితే మరొక ప్రమాదం ఉన్నది. నున్నని గోడమీది మెల్లని వెలుగునీడలు మెట్లుమెట్లుగా విరిగి చారలు తేలుతాయి. ఇళ్ల వీడియోలలో అధికభాగం నున్నని గోడలే కదా!

కంప్యూటరులో మొదటి పని, ఏ కెమేరా లాగ్‌కు ఆ కెమేరాకు చెందిన పట్టికను వర్తింపజేయడం. ‘లట్’ అని పిలిచే ఈ పట్టిక ఎక్కాల పుస్తకం వంటిది. ఈ అంకె వస్తే ఆ అంకె వేయమని చెబుతుంది. ఒక సంస్థ పట్టికను మరొక సంస్థ కెమేరాకు తగిలిస్తే రంగులు దారితప్పుతాయి. రెండవది, బూడిద అట్ట ఆధారంగా తెలుపును తెలుపుగా నిలపడం. మూడవది, కిటికీ భాగాన్ని మాత్రం విడిగా గుర్తించి, దాని వెలుగును తగ్గించి బయటి దృశ్యాన్ని తెరమీదికి తేవడం. నాలుగవది, హాలు నుంచి వంటింటికి, వంటింటి నుంచి పడకగదికి వెళ్లినప్పుడు గోడ రంగు మారకుండా అన్నిటినీ ఒక దారికి తేవడం. ఇవన్నీ కంటి అంచనాతో కాక, వెలుగును గీతలుగా చూపే వేవ్‌ఫారమ్ సహాయంతో చేస్తారు. అలసిన కన్ను పసుపును కూడా తెలుపని నమ్ముతుంది. గీతకు అలసట లేదు.

సినిమాకు చెల్లే స్వేచ్ఛ

రంగులు సరిదిద్దడం కొత్త విద్య కాదు. ఎల్.వి. ప్రసాద్ 1976లో మద్రాసులో నెలకొల్పిన లేబొరేటరీ వంటి చోట్ల ఫిల్మును ప్రింటు చేసేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలి దీపాల పాళ్లను దృశ్యానికి తగినట్టు మార్చేవారు. కంప్యూటరు వచ్చాక ఆ శక్తి ఎన్నో రెట్లు పెరిగింది. 2000లో విడుదలైన ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ అనే హాలీవుడ్ చిత్రాన్ని మిసిసిపీ రాష్ట్రంలో పచ్చని వేసవిలో తీశారు. ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ ఆ పచ్చదనాన్నంతా కంప్యూటరులో ఎండిన పసుపుగా మార్చించాడు. 2009లో ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ సంస్థ డావిన్సీ అనే ఖరీదైన రంగుల దిద్దుబాటు విధానాన్ని కొని, అనంతరం దాని ప్రోగ్రాములో ఒక రూపాన్ని ఉచితంగా అందుబాటులో ఉంచింది. ఒకనాడు పెద్ద స్టూడియోలకే పరిమితమైన పనిముట్టు, ఒక మోస్తరు కంప్యూటరు ఉన్న ఏ చిన్న ఊరి యువకునికైనా దొరికింది.

ఇక్కడే చిక్కు. సినిమాలో పచ్చని చెట్టును పసుపు చేయడం కళ. ప్రేక్షకుడు ఆ చెట్టును కొనబోవడం లేదు. ఇంటి వీడియోలో ఎండిన పెరడును పచ్చగా చేస్తే దానిని కళ అనలేము. పనిముట్టు ఒకటే, మీట ఒకటే. అవతల ఉన్నది ప్రేక్షకుడా, కొనుగోలుదారుడా అన్నదానిని బట్టి ధర్మం మారుతుంది.

లాగ్ చిత్రణ ఈ బాధ్యతను మరింత పెంచింది. పాత పద్ధతిలో నీడలోని చెమ్మమచ్చ కెమేరాకే చిక్కేది కాదు. ఇప్పుడది ఫైలులో భద్రంగా ఉంటుంది. నీడను కొద్దిగా లేపితే స్నానాలగది పక్కగోడ మీద మచ్చ బయటపడుతుంది, కొద్దిగా దించితే మాయమవుతుంది. కిటికీని తెల్లగా వదిలేస్తే గది వెలుతురుతో నిండినట్టు కనిపిస్తుంది. వెలుగును తగ్గిస్తే, నాలుగు అడుగుల దూరంలో పక్కింటి గోడ నిలబడి ఉన్నదని తెలుస్తుంది. ఏ మార్పూ చేయకుండా వదిలేయడమూ నిజాయితీ కాదు. బూడిదరంగు బొమ్మ కూడా ఇంటిని ఉన్నట్టుగా చూపదు. కనుక న్యాయమైన గీటురాయి ఒకటే: ఆ వేళకు ఆ గదిలో నిలబడిన మనిషికి ఏది ఎలా కనిపిస్తుందో తెరమీద అది అలా కనిపించాలి.

2016లో పార్లమెంటు చేసిన రియల్ ఎస్టేట్ చట్టం, అంటే ‘రెరా’, రంగుల దిద్దుబాటును గురించి ప్రత్యేకంగా ఏమీ చెప్పదు. కాని అది ప్రకటన అనే మాటకు ఏ రూపంలో జరిగే ప్రచారమైనా చేరేటంత విస్తృతమైన అర్థం ఇచ్చింది. ప్రకటనలోని తప్పుడు లేదా అసత్య సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి నిర్మాణదారు పరిహారం చెల్లించాలని 12వ సెక్షను చెబుతున్నది. కొనుగోలుదారు వైదొలగదలిస్తే కట్టిన సొమ్మును వడ్డీతో సహా తిరిగి ఇవ్వాలి. అయితే ఇది నిర్మాణదారులు అమ్మే ప్రాజెక్టులకు సంబంధించిన మాట. ఒక వ్యక్తి తన పాత ఇంటిని అమ్ముకొనే సందర్భంలో కొనేవారి జాగ్రత్తే ముఖ్యమైన రక్షణ.

దూరాన ఉన్నవారు చేయగలిగింది

వీడియోను చూసేముందు ఫోనులో రాత్రివేళ తెరను పసుపు చేసే సదుపాయాన్ని ఆపివేయాలి. లేకుంటే ఎదుటివారు సరిగా దిద్దినా మన తెర తప్పు చూపుతుంది. వీడియో ఏ తేదీన, ఏ వేళకు తీశారో అడగాలి. వేసవి మధ్యాహ్నం తీసిన ఇల్లు వానాకాలపు సంగతి చెప్పదు. సంగీతం, కోతలు లేకుండా వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం వరకు ఏకధాటిగా నడిచి తీసిన మరొక వీడియో కోరాలి. గది మూలలు, కప్పు అంచులు, స్నానాలగదికి ఆనుకొన్న గోడలు, కిటికీల అవతలి భాగం దగ్గరగా చూపమనాలి.

అన్నిటికంటె సులువైన పరీక్షకు ఖరీదైన పరికరం ఏదీ అక్కరలేదు. ఫోనులో ప్రత్యక్షంగా మాట్లాడుతూ, మామూలు తెల్లకాగితం ఒకటి గోడకు ఆనించి పట్టుకోమని అడగండి. కెమేరా ఏ రంగు వేసినా కాగితానికీ గోడకూ కలిపే వేస్తుంది. కాగితం పక్కన గోడ పసుపుగా కనిపిస్తే అది పసుపే, మచ్చగా కనిపిస్తే అది మచ్చే. అది చూసిన తరువాత కూడా ఇల్లు నచ్చితే, బయానా ఇచ్చేముందు కన్నవారిలో ఒకరు వెళ్లి ఆ గోడకు అరచేయి ఆనించి చూడాలి. చెమ్మను పట్టుకోగల కెమేరా ఇంకా ఆ వీడియోలు తీసేవారి చేతికి రాలేదు.