అది చాదస్తం కాకపోవచ్చు!

ఊళ్లో అమ్మమ్మ చెప్పిందే చెబుతోందా? 'వయసు కదా' అని వదిలేయకండి. ఆ మాట చాటున ఓ జబ్బు దాక్కుని ఉండొచ్చు. ఆపగలిగినంత మేర ఆపే వీలూ ఉండొచ్చు.

ఏప్రిల్ వచ్చిందంటే నూజివీడు చుట్టుపక్కల ఊళ్లకు కళ వస్తుంది. తోటల్లో కోతలు, రోడ్డెమ్మట కాయల ట్రేలు, ఇంట్లో ఓ మూల గడ్డిలో మాగేసిన చిన్న రసాలు. హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్న పిల్లలు సెలవులకు దిగేదీ అప్పుడే. ఏడాదికోసారి చూసే కళ్లకు, రోజూ చూసేవాళ్లకు ఆనని మార్పులు కనిపిస్తాయి. యాభై ఏళ్లుగా ఆవకాయ పెడుతున్న చేయి ఉప్పు రెండుసార్లు వేసేస్తుంది. కళ్లు మూసుకుని తోటకు వెళ్లొచ్చే తాత దారి మలుపులో ఆగిపోయి అటూ ఇటూ చూస్తాడు. 'ఎప్పుడొచ్చావురా?' అని గంటలో నాలుగోసారి అడుగుతాడు. ఇంట్లోవాళ్లు నవ్వేసి, 'చాదస్తంలే' అంటారు.

చిక్కంతా ఆ మాటతోనే. ముసలితనం, మొండితనం, మతిమరుపు.. మూడింటికీ మనం వాడే మాట అదొక్కటే. అందుకే డిమెన్షియా మొదలైనా చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు.

మామూలు మరుపు వేరు. కళ్లజోడు ఎక్కడ పెట్టామో మర్చిపోతాం, కాసేపటికి గుర్తొస్తుంది. డిమెన్షియాలో రోజూ చేసే పనే చేతకాకుండా పోతుంది. డబ్బు లెక్క తప్పుతుంది, మాట దొరకదు, తెలిసిన దారి తప్పుతుంది. దీనికి ప్రధాన కారణం అల్జీమర్స్. బీపీ, షుగర్ వల్ల మెదడులోని రక్తనాళాలు దెబ్బతిన్నా ఇదే పరిస్థితి రావొచ్చు.

పల్లెలోనే ఎక్కువ, ఆడవాళ్లకే ఎక్కువ

'ఇవన్నీ సిటీవాళ్ల జబ్బులు' అనుకుంటాం కదా! లెక్కలు తిరగేసి చెబుతున్నాయి. దేశవ్యాప్తంగా పెద్దవాళ్ల మీద జరిగిన 'లాసీ-డాడ్' అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా వేశారు. 2036 నాటికి ఈ సంఖ్య కోటీ 69 లక్షలకు చేరొచ్చట.

పట్టణాల్లో ఇది 5.3 శాతమైతే పల్లెల్లో 8.4 శాతం. మగవాళ్లలో 5.8 శాతమైతే ఆడవాళ్లలో 9 శాతం. అంటే బడికి దూరంగా, ఆసుపత్రికి దూరంగా బతికినవాళ్ల మీదే బరువు ఎక్కువ పడుతోంది.

ఇందులో చదువు పాత్ర పెద్దది. చిన్నప్పుడు చదువుకున్న మెదడు వయసులో వచ్చే దెబ్బలను కొంత తట్టుకుంటుంది. మన అమ్మమ్మల తరంలో తమ్ముడు పలక పట్టుకుంటే అక్క గేదెల్ని తోలుకెళ్లింది. అప్పుడు తెగిన చదువు బాకీ డెబ్బై ఏళ్ల వయసులో వసూలవుతోందన్నమాట.

ఇంకో తిరకాసు కూడా ఉంది. జ్ఞాపకశక్తిని చూసే పాత పరీక్షల్లో వాక్యం రాయమనీ, బొమ్మ చూసి గీయమనీ అడుగుతారు. ఎన్నడూ పెన్ను పట్టని ఆమె అందులో తప్పితే జబ్బు ఉన్నట్టా, బడికి వెళ్లనట్టా? అందుకే భారత వైద్య పరిశోధన మండలి మన భాషల్లో, మన జీవితాలకు తగ్గ పరీక్షలను తయారు చేయించింది. వాటిలో తెలుగు కూడా ఉంది. ఇంట్లో మీరు గమనించాల్సింది కూడా ఇదే పద్ధతిలో ఉండాలి. 'ఇవాళ తేదీ ఎంత?' అని నిలదీయడం కాదు. కోత కూలీలకు నోటి లెక్కతో డబ్బులు పంచే మనిషి ఈ ఏడాది తడబడుతోందా? అది చూడండి.

రెండు భాషలు వస్తే..

ఈ చేదు లెక్కల మధ్య హైదరాబాద్ నుంచి ఓ తీపి కబురు ఉంది. నిమ్స్‌లో అప్పటి న్యూరాలజిస్ట్ డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించింది. తెలుగు, దక్కనీ, హిందీ, ఇంగ్లిష్.. వీటిలో ఒక్క భాషే వచ్చినవారితో పోలిస్తే, రెండో అంతకంటే ఎక్కువో వచ్చినవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. 2013లో అచ్చయిన ఈ అధ్యయనంలో అసలు విశేషం ఏంటంటే, చదువు రానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. వాళ్లలో ఏకంగా ఆరేళ్లు!

అంటే బడి ఒక్కటే కాదు, బజారు కూడా మెదడుకు కసరత్తే. ఉత్తరాది వ్యాపారితో హిందీలో బేరమాడి, పక్కింటి బీబీతో ఉర్దూలో కబుర్లాడి, ఇంటికొచ్చి తెలుగులో తిట్టే మనిషి బుర్ర ఖాళీగా ఉండదు కదా! అయితే ఇది రోగుల రికార్డులు చూసి చెప్పిన సంగతి. అన్ని దేశాల అధ్యయనాల్లోనూ ఇదే ఫలితం రాలేదు. రెండో భాష నేర్చుకుంటే జబ్బు రాదని గ్యారంటీ ఏమీ లేదు.

పూడ్చగలిగిన గండ్లు

2024లో లాన్సెట్ నిపుణుల కమిషన్ 14 కారణాల చిట్టా ఇచ్చింది. వాటన్నిటినీ అరికట్టగలిగితే ప్రపంచంలో 45 శాతం డిమెన్షియా కేసులను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని అంచనా. చదువు లేకపోవడం, చెవుడు, చెడు కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, ఊబకాయం, పొగ, మితిమీరిన మద్యం, తలకు దెబ్బలు, కదలకుండా కూర్చోవడం, కుంగుబాటు, ఒంటరితనం, గాలి కాలుష్యం, సరిచేయని చూపు.. ఇవీ ఆ పద్నాలుగు.

ఒకసారి మళ్లీ చదవండి. వీటిలో చాలావాటికి పెద్ద స్కానింగులు అక్కర్లేదు. బీపీ, షుగర్ ఊళ్లోనే చూపించుకోవచ్చు. శుక్లాల ఆపరేషన్ ఇప్పుడు మామూలైపోయింది. బండెక్కితే హెల్మెట్, చెట్టెక్కే బదులు చిక్కం. షుగర్ ఉన్న తాతకు కనబడకుండా రసాలు దాచే ఇల్లు ఆయన మాత్రలు వేసుకున్నాడో లేదో కూడా చూడాలి.

చెవుడును మనం అసలు జబ్బుగానే లెక్కేయం. వినబడనివాళ్లు మెల్లగా మాటలు తగ్గిస్తారు, అరుగు మీద కూర్చోవడం మానేస్తారు. మెదడుకు పని తగ్గిపోతుంది. 2023లో అమెరికాలో ముగిసిన 'అచీవ్' అధ్యయనంలో, డిమెన్షియా ముప్పు ఎక్కువగా ఉన్న పెద్దలకు వినికిడి మిషన్లు ఇస్తే మూడేళ్లలో మెదడు చురుకు తగ్గే వేగం 48 శాతం తక్కువగా ఉంది. ముప్పు తక్కువున్నవారిలో మాత్రం తేడా కనిపించలేదు.

గడప దాకా వస్తేనే

పరీక్ష ఉన్నా మనిషి వెళ్లకపోతే లాభం లేదు. 'పిచ్చి డాక్టర్ దగ్గరికా?' అన్న భయం ఒకటి అడ్డు. దీనికి దారి చూపిన ప్రయోగం మనకు దగ్గర్లోనే జరిగింది. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, ఇంటింటికీ పంపి, కుంగుబాటు, ఆందోళన లక్షణాలు ఉన్నవారిని గుర్తించి పీహెచ్‌సీ డాక్టర్‌కు చూపించారు. 2017లో అచ్చయిన ఫలితాల ప్రకారం, అవసరమున్నవారిలో వైద్యం పొందినవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. ఇది డిమెన్షియా మీద చేసిన ప్రయోగం కాదు. కానీ ఆ 14 గండ్లలో కుంగుబాటు ఒకటి. పైగా తెలిసిన మనిషి గడప దాకా వచ్చి అడిగితే ఊరు నోరు విప్పుతుందని ఇది తేల్చింది.

మీరేం చేయొచ్చు?

• ఫోన్ చేసినప్పుడు 'తిన్నావా?'తో ఆపకండి. ఈ ఏడాది కాపు ఎలా ఉంది, ఎవరొచ్చారు, రేటెంత అని అడగండి. జవాబుల్లో తేడా వారాల తరబడి కనిపిస్తే రాసి పెట్టుకోండి.

• ముందు ఊళ్లో డాక్టర్‌కు చూపించండి. థైరాయిడ్, బి12 లోపం, కుంగుబాటు, కొన్ని మందుల వల్ల కూడా మతిమరుపు రావొచ్చు. ఇవి చాలావరకు నయమయ్యేవే. రెండు మూడు రోజుల్లోనే మనిషి అయోమయంలో పడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

• మానసిక సాయానికి టెలి మానస్ 14416, వృద్ధుల కోసం ఎల్డర్‌లైన్ 14567 ఉన్నాయి. ఈ రెండు నంబర్లూ సేవ్ చేసుకోండి.

• 'నిన్ననే చెప్పాను కదా!' అని వాదించొద్దు. మళ్లీ చెప్పండి. మర్చిపోవడం వాళ్ల చేతుల్లో లేదు.

• చూసుకునేది ఎవరో చూడండి. ఎక్కువ ఇళ్లలో కోడలో, కూతురో. వారానికి ఒక్క పూటైనా ఆ బాధ్యత మీరు తీసుకుని ఆమెను బయటికి పంపండి.

డిమెన్షియాను పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. ఈ మధ్య వచ్చిన ఖరీదైన ఇంజెక్షన్లు కూడా తొలిదశ అల్జీమర్స్‌ను కొంత నెమ్మదింపజేస్తాయి, అంతే. కాబట్టి మన చేతుల్లో ఉన్నది తొందరగా గుర్తించడం, గండ్లు పూడ్చడం. ఈ సెలవుల్లో తోటకు వెళ్లేముందు ఓ పూట పక్కన పెట్టండి. అమ్మమ్మకు బీపీ, షుగర్, చూపు, వినికిడి.. నాలుగూ చూపించి రండి.