తీయడం ఒక ఎత్తు... దాచడం ఒక ఎత్తు!

"తెల్లారకముందే ఆ రాళ్ళల్లోకి ఏం పనే నీకు?"

పిల్లలిద్దరూ హాస్టళ్ళకి వెళ్ళాక, 2019లో సెకండ్‌హ్యాండ్ కెమెరా ఒకటి కొనుక్కున్న కొత్తలో మా అత్తగారు అన్న మాట ఇది. మాది జమ్మలమడుగు. గండికోట పదిహేను కిలోమీటర్లే. పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పారే ఆ లోయ మీద తొలి వెలుగు పట్టుకోవాలంటే, సూర్యుడు రావడానికి అరగంట ముందే స్టాండు బిగించుకుని నిలబడాలి. అంటే నాలుగింటికే లేచి, పాలు కాచి బయల్దేరాలన్నమాట. "ఆడమనిషివి, ఒక్కదానివే పోతావా!" అని దెప్పుతూనే, చివరికి ఆవిడే కాఫీ ఫ్లాస్కు పట్టుకుని నా స్కూటర్ ఎక్కేసింది. అప్పట్నుంచీ చీకట్లో నాకు టార్చి పట్టేది ఆవిడే.

గండికోట జలాశయంలో మునిగిన ఊళ్ళలో ఆవిడ పుట్టిల్లు ఒకటి. 2020లో నీళ్ళు వచ్చేముందు, "మా ఊరు ఒకసారి తీసిపెట్టే" అని అడిగింది. వరసగా నాలుగు ఆదివారాలు వెళ్ళాం. ఊరి ముందు వేపచెట్టు, చేల గట్లు, మంచులో మసకగా కనిపించే గుడి... ఆరువందల ఫోటోల దాకా తీశాను. అన్నీ ఒకే హార్డ్ డిస్కులో వేసి, తర్వాతి ఆదివారం కోసం కార్డు చెరిపేశాను.

రెండు నెలల తర్వాత బూజు దులుపుతుంటే చెయ్యి తగిలి ఆ డిస్కు కిందపడింది. రిపేరుకిస్తే, "ఏమీ రాలేదమ్మా" అన్నారు. మళ్ళీ వెళ్ళి తీద్దామంటే ఊరే లేదు!

మిగిలింది ఒక్కటే ఫోటో. బెంగుళూరులో ఉన్న ఆవిడ తమ్ముడికి వాట్సాప్‌లో పంపిన వేపచెట్టు. పెద్దది చేయించి గోడకి పెడదామనుకుంటే అంతా చెదిరిపోయింది. నా కెమెరా తీసిన ఫోటో వెడల్పు 6,000 చుక్కలు. వాట్సాప్ మామూలుగా పంపేటప్పుడు దాన్ని 1,600 దగ్గరికి కుదించేస్తుంది. అచ్చు నీటుగా రావాలంటే అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే అయిదంగుళాల కాగితమే దానికి గతి. అత్తగారు ఒక్క మాటా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఆ రోజు నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. ఇంటికి రాగానే టిఫిన్ సంగతి తర్వాత, ముందు కార్డులోని ఫోటోలు కంప్యూటర్‌లోకి, అక్కణ్ణుంచి విడిగా ఒక డిస్కులోకి వేస్తాను. మూడో కాపీ ఇంటర్నెట్‌లో దాస్తాను. ఇంట్లో దొంగలు పడ్డా, నీళ్ళొచ్చినా ఆ మూడోది భద్రం. మూడూ తెరిచి చూసుకున్నాకే కార్డు చెరుపుతాను. ప్రతి ఫోల్డరుకీ తేదీ, ఊరి పేరు పెడతాను. లేకపోతే ఏడాది తర్వాత వెతకడం మనవల్ల కాదు.

తర్వాత తీరిగ్గా, వంద ఫోటోల్లో పది ఏరుకుంటాను. కెమెరాలో 'రా' అనే ఫైలుగా తీస్తాను కాబట్టి దిద్దుకోవడం తేలిక. మామూలు జేపెగ్ ఫైలు ఒక్కో రంగులో 256 ఛాయలే దాస్తే, 'రా' ఫైలు పద్నాలుగు బిట్లదైతే 16,384 దాస్తుంది. అందుకే నీడలో నల్లగా పడిన లోయని కొంచెం వెలిగించినా రాళ్ళ గీతలు కనబడతాయి. వంకర పోయిన నీటి అంచు సరిచేస్తాను, రంగు కాస్త సర్దుతాను, అంతే. అసలు ఫైలుని మాత్రం ముట్టుకోను.

కెమెరా లేదే అనుకోకండి. మీ ఫోనులో అమ్మమ్మ నవ్వు, అమ్మేసిన పాత ఇల్లు ఉన్నాయి కదా! ఈ ఆదివారం అవి ఎన్ని చోట్ల ఉన్నాయో ఒక్కసారి చూసుకోండి.

మొన్న చలికాలంలో అత్తగారితో జలాశయం గట్టు మీదికి వెళ్ళాను. నీళ్ళకేసి వేలు చూపించి, "చెట్టు ఆడే ఉన్నింది" అంది. ఆవిడ చెయ్యి, ఆ నీళ్ళు, వెనక ఎర్రటి ఆకాశం కలిపి ఒక ఫోటో తీశాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే అడిగింది:

"మూడు చోట్లా పెట్టినావా?"